చిన్న ఆఫీసుల్లో వెబ్ ఫిల్టర్: హైదరాబాద్ యజమానులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ పార్క్ లేన్ షాపుల నుంచి బాలానగర్ వర్క్‌షాపుల దాకా, ఐదు సిస్టములున్న చోటు నుంచి ఎనభై ఉన్న చోటు దాకా నెట్‌వర్క్ పనులు చేసిపెడుతుంటాం. ఫోన్ ఎత్తితే వచ్చే ప్రశ్నలు దాదాపు ఇవే. అడిగినవాళ్ల మాటల్లోనే రాశాం. జవాబుల్లో మా సొంత అభిప్రాయాలు కూడా కలిసి ఉంటాయి.

"యాంటీవైరస్ ఉంది కదా అన్నా, మళ్లీ ఈ ఫిల్టర్ ఏంది?"

యాంటీవైరస్ లోపలికొచ్చిన ఫైలును పట్టుకుంటుంది. ఫిల్టర్ ఆ ఫైలున్న సైటు దాకా మిమ్మల్ని పోనివ్వదు. మీరు సైటు పేరు కొట్టగానే, దాని అడ్రస్ ఏమిటని మీ కంప్యూటర్ ముందు ఒక డీఎన్‌ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. బేగంబజార్‌లో కొట్టు పేరు చెప్పి దారి అడిగినట్టే. డీఎన్‌ఎస్ ఫిల్టర్ చేసేదల్లా, ఆ కొట్టు మోసమని తెలిస్తే దారి చెప్పకుండా ఊరుకోవడం. ఇంకా లోతుగా చూసే ఫిల్టర్లూ ఉన్నాయి, వాటి సంగతి కింద చెప్తాం. యాంటీవైరస్, ఫిల్టర్ రెండూ ఉండాలి, ఒకటి ఉందని రెండోది మానేయకండి.

"మేం పన్నెండు మందిమే. మాకు అవసరమా?"

పన్నెండు మంది ఉన్నచోటే ఎక్కువ అవసరమని మేమంటాం. పెద్ద కంపెనీలో ఒక ల్యాప్‌టాప్ పోతే సాయంత్రానికి ఇంకోటి ఇస్తారు. మీ దగ్గర ట్యాలీ డేటా మొత్తం ఒక్క సిస్టమ్‌లో ఉంటుంది, దాని బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా అదే సిస్టమ్‌కి గుచ్చి ఉంటుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే రెండింటినీ కలిపే లాక్ చేస్తుంది.

యజమానులు "చెడ్డ సైట్లు" అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది ఒకటి, మేం శుభ్రం చేసిన సిస్టముల్లో కనిపించేది ఇంకొకటి. ఖరీదైన డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ వెతకడం. పీడీఎఫ్‌ని వర్డ్‌గా మార్చే ఉచిత సైటులో అసలు బటన్ పక్కన ఉండే ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్. శుక్రవారం రిలీజైన సినిమాని శనివారానికే ఇచ్చేసే సైటు. వీటిలో రెండోదైతే పూర్తిగా ఆఫీసు పనే, ఆ సిస్టమ్ మీద కూర్చునే అమ్మాయి టెండర్ కాగితాలు మార్చుకుంటోంది. అందుకే ఫిల్టర్‌ని సిబ్బంది మీద పెట్టే నిఘాలా చూడొద్దని మొదటి మీటింగ్‌లోనే చెప్తాం. ముందు ప్రమాదాన్ని ఆపుదాం, టైంపాస్ సంగతి తర్వాత.

"డీఎన్‌ఎస్ ఫిల్టర్, ఫైర్‌వాల్, ప్రాక్సీ అంటారు. ఏది కొనాలి?"

ఇరవై సిస్టముల లోపు, సొంత సర్వర్ ఏమీ లేదంటే డీఎన్‌ఎస్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. పెట్టె కొనక్కర్లేదు, గంటలో అయిపోతుంది. దాని పెద్ద పరిమితి ఏమిటంటే, అది సైటు పేరు వరకే చూస్తుంది. ఒక సైటులో ఒక పేజీ ఇచ్చి ఇంకో పేజీ ఆపడం దానికి చేతకాదు. గూగుల్ డ్రైవ్ ఇవ్వాలి, అందులో ఎవరో పెట్టిన దొంగ ఫైలు మాత్రం ఆపాలి అంటే కుదరదు.

ఫైర్‌వాల్ పెట్టె రౌటర్ వెనక కూర్చుంటుంది. ఏ సిస్టమ్ ఎటు పోతోందో చూస్తుంది, అకౌంట్స్‌కి ఒక రూల్, స్టోర్స్‌కి ఇంకో రూల్ పెట్టనిస్తుంది, స్ట్రీమింగ్‌కి వేగం తగ్గించనిస్తుంది. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ని పాత డెస్క్‌టాప్‌లో వేసుకుని కూడా ఇదే పని చేయించవచ్చు, కానీ దాన్ని చూసుకునే మనిషి మీ దగ్గర ఉండాలి. వేసిన కుర్రాడు ఉద్యోగం మారిపోతే పాస్‌వర్డ్ కూడా అతని వెంటే పోతుంది, ఇది మేం చాలాసార్లు చూశాం.

స్క్విడ్ లాంటి ప్రాక్సీ సర్వర్లు, అంటే అందరి వెబ్ పనీ తమ మీదుగా పోనిచ్చే మధ్యవర్తి సిస్టములు, ఒకప్పుడు ప్రతి ఆఫీసులోనూ ఉండేవి. కొత్తగా పెట్టమని ఇప్పుడు మేం చెప్పడం లేదు.

సిబ్బంది ల్యాప్‌టాప్‌లు ఇళ్లకు తీసుకెళ్తుంటే, ఆఫీసు గోడల లోపల ఎంత మంచి పెట్టె పెట్టినా సగం పనే. ల్యాప్‌టాప్‌లోనే చిన్న ఏజెంట్ (ఎక్కడికెళ్లినా ఫిల్టర్ చేసే ప్రోగ్రాం) వేసే సర్వీసు చూసుకోండి.

"ఉచితంగా ఏమీ లేదా?"

ఉంది, బాగానే ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 2020లో పెట్టిన 1.1.1.2 అనే డీఎన్‌ఎస్ మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) సైట్లను ఆపుతుంది, 1.1.1.3 వాటితోపాటు అడల్ట్ సైట్లను కూడా ఆపుతుంది. క్వాడ్9 వాళ్ల 9.9.9.9 ప్రమాదకరమైన సైట్ల మీదే దృష్టి పెడుతుంది. 2006 నుంచి ఉన్న ఓపెన్‌డీఎన్‌ఎస్‌ని 2015లో సిస్కో కొన్నది. వాళ్ల ఫ్యామిలీ షీల్డ్ 208.67.222.123. మామూలు 1.1.1.1, 8.8.8.8 మాత్రం అడల్ట్ సైట్లనీ మాల్‌వేర్ సైట్లనీ ఫిల్టర్ చేయవు. ఇది తెలియక "డీఎన్‌ఎస్ పెట్టేశాం" అని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఉన్నారు.

ఈ నంబర్లు రౌటర్‌లో పెట్టేసి వదిలేయొచ్చు. ఎవరు ఎక్కడికి వెళ్లారన్న రిపోర్టు ఉండదు, మీకు కావాల్సిన ఒక్క సైటు తెరిపించుకోవడానికి డ్యాష్‌బోర్డ్ (కంట్రోల్ పేజీ) ఉండదు. కిరాణా హోల్‌సేల్‌కో చిన్న క్లినిక్‌కో ఇంతకంటే ఎక్కువ అమ్మడం మాకే మనసొప్పదు.

"రౌటర్‌లో డీఎన్‌ఎస్ మార్చినం. అయినా అన్ని సైట్లు ఒస్తనే ఉన్నయ్!"

మాకొచ్చే కాల్స్‌లో సగం ఇవే. కారణం ఒక్కటి కాదు.

ముందు ఐపీవీ6 చూడండి. ఐపీవీ4 నెట్‌లో పాత అడ్రసుల పద్ధతి, ఐపీవీ6 కొత్తది. ఇక్కడి చాలా ఫైబర్ కనెక్షన్లు ఐపీవీ4తోపాటు ఐపీవీ6 కూడా ఇస్తున్నాయి. మీరు 1.1.1.3 అని పెట్టింది ఐపీవీ4 గడిలో. కంప్యూటర్ మాత్రం ఐపీవీ6 దారిలో పోయి ప్రొవైడర్ డీఎన్‌ఎస్‌నే అడుగుతుంది. ముందు గేటుకి తాళం వేసి దొడ్డి తలుపు తీసిపెట్టినట్టు. ఐపీవీ6 గడిలో కూడా ఫిల్టర్ అడ్రస్ పెట్టాలి. ప్రొవైడర్ ఇచ్చిన పెట్టె అది మార్చనివ్వకపోతే, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (లైను అందించడం తప్ప ఏమీ చేయకుండా) పెట్టించుకుని వెనక మీ సొంత రౌటర్ పెట్టుకోండి.

తర్వాత బ్రౌజర్. 2018 నుంచి డీఎన్‌ఎస్ ప్రశ్నల్ని హెచ్‌టీటీపీఎస్‌లో (తాళం గుర్తు సైట్లు వాడే రహస్య పద్ధతిలో) చుట్టి పంపే పద్ధతి ప్రామాణికమైంది. బయటికి చూస్తే మామూలు వెబ్ ట్రాఫిక్‌లాగే ఉంటుంది. సెట్టింగుల్లో "సెక్యూర్ డీఎన్‌ఎస్" దగ్గర ఎవరైనా వేరే ప్రొవైడర్‌ని ఎంచుకుంటే మీ రౌటర్ మాట ఇక చెల్లదు. ఫైర్‌ఫాక్స్ కొంత మర్యాదస్తురాలు. ముందు ఒక ప్రత్యేకమైన పేరు అడిగి చూస్తుంది, ఆఫీసు డీఎన్‌ఎస్ అలాంటి పేరు లేదంటే తనంతట తనే తగ్గుతుంది. యూజర్ చేత్తో ఆన్ చేసుకుంటే మాత్రం ఆ మర్యాద పనిచేయదు. గట్టి మందు ఏమిటంటే, అన్ని సిస్టములకూ ఒకేచోట నుంచి సెట్టింగులు పెట్టే విండోస్ గ్రూప్ పాలసీతోనో క్రోమ్ నిర్వహణ పాలసీతోనో ఆ ఆప్షన్‌ని బంద్ చేయడం.

ఆండ్రాయిడ్‌లో 9వ వెర్షన్ నుంచి ప్రైవేట్ డీఎన్‌ఎస్, అంటే డీఎన్‌ఎస్ ప్రశ్నల్ని దాచి పంపే సెట్టింగ్, ఉంది. అది పోర్టు 853 మీద వెళ్తుంది. పోర్టు అంటే నెట్ ట్రాఫిక్ పోయే నంబరున్న తలుపు అనుకోండి. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసేస్తే, ఫోన్‌లో ప్రొవైడర్ పేరు టైపు చేసి పెట్టుకున్నవాళ్లకు వైఫై కలిసినట్టే కనిపిస్తుంది, ఏ పేజీ తెరుచుకోదు. "మీ నెట్ ఖరాబైంది" అని వచ్చేవాళ్లను ముందు ఆ సెట్టింగ్ చూపించమనండి. ఐఫోన్లలో ప్రైవేట్ రిలే అని ఇలాంటిదే ఒకటుంది. దాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎలా ఆపాలో ఆపిల్ వాళ్లే చెప్పారు, వాళ్లు చెప్పిన రెండు పేర్లకు డీఎన్‌ఎస్‌లో "లేదు" అని జవాబిస్తే చాలు.

కొంచెం తెలిసిన కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లో సొంతంగా 8.8.8.8 పెట్టుకుంటారు. అందుకు పోర్టు 53 మీద ఎటు వెళ్లే ప్రశ్ననైనా మీ ఫిల్టర్ వైపే తిప్పే రూల్ రౌటర్‌లో రాయాలి. మైక్రోటిక్ రౌటర్లలో రెండు లైన్ల పని.

ఇవన్నీ చేశాక కూడా సైటు వస్తోందా? పాత జవాబు కంప్యూటర్ జ్ఞాపకంలో ఉండి ఉంటుంది. ఒకసారి రీస్టార్ట్ చేసి చూసి, ఆ తర్వాత మాకు ఫోన్ చేయండి.

"మా ఐపీ డ్యాష్‌బోర్డ్‌లో రిజిస్టర్ చేశాం. మూడు రోజులకే రూల్స్ ఎగిరిపోయాయి."

డ్యాష్‌బోర్డ్ ఉన్న ఫిల్టర్ మీ ఆఫీసుని బయటి ఐపీ అడ్రస్‌తోనే గుర్తుపడుతుంది. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రౌటర్‌కిచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే బయటి ఐపీని మీతోపాటు చాలామంది ఇళ్లూ ఆఫీసులూ పంచుకుంటున్నాయి. ఫిల్టర్ కంపెనీకి మీరెవరో, పక్క వీధిలో అపార్ట్‌మెంట్ ఎవరో తేడా తెలియదు. ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీ (మీకే ఉండే, మారని అడ్రస్) కొనుక్కోవాలి, లేదంటే ఐపీతో పనిలేకుండా ప్రతి సిస్టమ్‌లో ఏజెంట్ వేసే ప్లాన్ తీసుకోవాలి. కొనేముందే ఈ ఒక్క నంబర్ చూసుకుంటే తర్వాత గొడవుండదు.

"ఇప్పుడు అన్నీ తాళం గుర్తు సైట్లే కదా. లోపల ఏం చూస్తున్నారో మీకు తెలుస్తుందా?"

ఇది యజమానులూ అడుగుతారు, యజమాని బయటికెళ్లాక సిబ్బంది కూడా మెల్లగా వచ్చి అడుగుతారు. ఇద్దరికీ ఒకటే జవాబు. డీఎన్‌ఎస్ ఫిల్టర్‌కి సైటు పేరూ, సమయమూ తెలుస్తాయి. ఏ పేజీ చదివారో, ఏం టైపు చేశారో తెలియదు. వాట్సాప్ మెసేజ్‌లు అస్సలు కనపడవు.

హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్ అని ఒకటుంది. అందులో ఫైర్‌వాల్ తన సర్టిఫికెట్‌ని ప్రతి సిస్టమ్‌లో వేయించి, మధ్యలో కవరు విప్పి చూసి మళ్లీ అంటించి పంపుతుంది. దొంగ ఫైళ్లు బాగా దొరుకుతాయి, నిజమే. కానీ ఉద్యోగి బ్యాంక్ పాస్‌వర్డ్ కూడా అదే పెట్టెలోంచి పోతుంది. పెట్టి తీరాలంటే బ్యాంకులు, ఆసుపత్రులు, జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్, ఈపీఎఫ్‌ఓ పోర్టళ్లను మినహాయింపు జాబితాలో వేసి, సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పి పెట్టండి. యాభై సిస్టముల లోపు ఆఫీసులకు ఇది వద్దనే చెప్తున్నాం.

ఇన్‌స్పెక్షన్ పెట్టిన చోట ఇంకో చిన్న కిటుకు: క్రోమ్ చాలా సైట్లకు క్విక్ అనే పద్ధతిలో యూడీపీ 443 అనే పోర్టు మీద వెళ్తుంది. పాత ఫైర్‌వాల్‌లు దాన్ని విప్పలేవు. ఆ దారి మూస్తే బ్రౌజర్ పాత దారికే వస్తుంది, యూజర్‌కి తేడా తెలియదు.

"యూట్యూబ్, వాట్సాప్ బంద్ పెట్టుమంటే పెడ్తరా?"

పెడతాం. కాకపోతే ఒకసారి జీడిమెట్లలో ఏమైందో విని చెప్పండి.

ఒక ప్యాకింగ్ యూనిట్‌లో యూట్యూబ్ మొత్తం ఆపించారు. నాలుగో రోజు సీలింగ్ మిషన్ బెల్ట్ తెగింది. కంపెనీ వాళ్లు బిగించే పద్ధతిని వీడియోగా యూట్యూబ్‌లోనే పెట్టారు. మెయింటెనెన్స్ చూసే ఆయన గేటు బయట, సిగ్నల్ వచ్చేచోట నిలబడి, సొంత ఫోన్‌లో వీడియో చూడటం, లోపలికి పరుగెత్తడం, ఒక స్క్రూ విప్పడం, మళ్లీ బయటికి రావడం. మేం వెళ్లేసరికి చెమటలు కక్కుతూ, "సార్, బెల్ట్ ఎట్ల ఎక్కియ్యాల్నో మీ నెట్ల దొరకది, నా జేబుల దొరుకుతది" అన్నాడు. యజమాని నవ్వలేదు గానీ ఆ సాయంత్రమే తెరిపించాడు.

మధ్యే మార్గాలున్నాయి. డీఎన్‌ఎస్‌లో యూట్యూబ్ పేరును గూగుల్ ఇచ్చిన రిస్ట్రిక్టెడ్ అడ్రస్ వైపు తిప్పితే పెద్దలకు మాత్రమే అనదగ్గ వీడియోలు చాలావరకు, కామెంట్లు మొత్తంగా మాయమవుతాయి. గూగుల్ సెర్చ్‌కి సేఫ్‌సెర్చ్ కూడా ఇదే తరహాలో తప్పనిసరి చేయవచ్చు. వేగమే సమస్య అయితే బ్లాక్ చేయకుండా స్ట్రీమింగ్‌కి పరిమితి పెట్టండి. ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్న సాయంత్రం పది ఫోన్లలో హై క్వాలిటీ స్ట్రీమ్ నడిస్తే బిల్లింగ్ కౌంటర్ నత్తలా పాకుతుంది. పరిమితి పెడితే బొమ్మ మసకగా వస్తుంది, బిల్లు త్వరగా వస్తుంది.

వాట్సాప్ ఆపితే ఈ ఊళ్లో వ్యాపారం ఆగుతుంది. ఆర్డర్లు అందులో, పేమెంట్ స్క్రీన్‌షాట్లు అందులో, ట్రాన్స్‌పోర్ట్ లారీ నంబర్లు అందులో. అందులో ఇంకోటి కూడా వస్తుంది, "చలాన్" అని పేరు పెట్టిన ఏపీకే ఫైలు, అంటే మోసగాళ్లు పంపే ఆండ్రాయిడ్ యాప్. అది వాట్సాప్ లోపల వస్తుంది కాబట్టి వెబ్ ఫిల్టర్ దాన్ని చూడలేదు. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ యాప్ దాన్ని పంపిన మోసగాడితో మాట్లాడే నెట్ అడ్రస్‌ని, ఆ అడ్రస్ అప్పటికే జాబితాకి ఎక్కి ఉంటే, ఆపగలదు. అంతే. అప్పటికే ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మాకు తర్వాత చేయొచ్చు.

"బూతు పదాల లిస్టు ఇస్తాం, ఆ పదమున్న పేజీలన్నీ ఆపండి."

వద్దు. రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో మాకంటే ముందు పనిచేసినాయన అలాంటి లిస్టు పెట్టి వెళ్లాడు. అందులో "స్ట్రిప్పర్" అనే పదం ఉంది. వైర్ స్ట్రిప్పర్, పెయింట్ స్ట్రిప్పర్ అని వెతికితే ఆపేశామనే ఎర్ర పేజీ. షాపులో రోజూ అమ్మే సరుకు అది! డయాగ్నస్టిక్ సెంటర్లలో శరీర భాగాల పేర్లతో ఇదే తంటా. పదాలతో కాకుండా సైట్ల వర్గాలతో ఆపండి.

"మరి ఏ వర్గాలు ఆపాలి?"

మాల్‌వేర్, ఫిషింగ్ (బ్యాంకులా నటించి పాస్‌వర్డ్ లాగేవి), అడల్ట్, బెట్టింగ్, పైరసీ, ఫిల్టర్‌ని తప్పించే ప్రాక్సీలు-వీపీఎన్‌లు, కొత్తగా రిజిస్టరైన డొమైన్లు (సైటు పేర్లు). చివరిది చాలామంది వదిలేస్తారు. మోసం సైట్లు చాలా వరకు నాలుగు రోజుల బతుకువే. నెల కూడా నిండని సైటుకి వెళ్లాల్సిన అవసరం ఒక సిరామిక్ టైల్స్ డీలర్‌కి ఎప్పుడో గానీ రాదు.

ఫైల్ షేరింగ్ వర్గం ఆపేముందు మాత్రం అడగండి. ఇది మా తప్పే, ఒప్పుకుంటున్నాం: బాలానగర్‌లో ఒక టూల్ రూమ్‌కి ఫిల్టర్ పెడుతూ ఆ వర్గాన్ని అలవాటుగా టిక్ చేశాం. వాళ్ల కస్టమర్ డై డ్రాయింగులు వీట్రాన్స్‌ఫర్ అనే ఫైల్ షేరింగ్ సైటులో పంపుతాడట. లింకు తెరుచుకోలేదు, మెయిల్లో చూస్తే బాగానే ఉంది, ఎవరికీ ఫిల్టర్ గుర్తుకు రాలేదు. ఒక పూట మిషన్ ఖాళీగా నిలబడింది. అప్పటినుంచి మొదటి రెండు వారాలు ఏదీ ఆపకుండా, మాల్‌వేర్ ఫిషింగ్ తప్ప, లాగ్ (ఎవరు ఎప్పుడు ఏ సైటుకి వెళ్లారన్న రికార్డు) మాత్రమే చూస్తాం. పనికి ఏం వాడుతున్నారో ఆ లాగే చెప్తుంది.

"సొంత ఫోన్లు, వచ్చిపోయే కస్టమర్ల ఫోన్లు?"

గెస్ట్ వైఫై వేరుగా పెట్టి, దానికి బిల్లింగ్ సిస్టమ్‌లూ ప్రింటర్లూ సీసీటీవీ డీవీఆర్ కనపడకుండా చేయండి. సొంత మొబైల్ డేటాని ఎవరూ ఆపలేరు, ఆపాలనుకోవడం కూడా అనవసరం. ఆఫీసు ల్యాప్‌టాప్‌ని ఆ హాట్‌స్పాట్‌కి కలిపితే మాత్రం మీ ఫిల్టర్ లేనట్టే, అక్కడే ఏజెంట్ కావాలి.

"చాట్‌జీపీటీ లాంటివి ఆపాలా?"

బద్ధకం సంగతి కాదు, డేటా సంగతి చూడండి. హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో క్లయింట్ల పాన్ నంబర్లతో ఉన్న షీటును అలాగే అతికించి లెటర్ రాయమని అడిగారు. మొత్తం ఆపితే ఫోన్‌లో చేస్తారు. ఒక్క సర్వీసుకి అనుమతిచ్చి, ఏం అతికించకూడదో ఒక పేజీ రాసి సంతకాలు తీసుకోవడం మేలని మా ఉద్దేశం.

"లాగ్‌లు పెట్టుకోవడం చట్టప్రకారం సరేనా? ఎన్నాళ్లు?"

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టముల లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉంచుకోవాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి. చిన్న, మధ్యతరహా సంస్థలకు అదే ఏడాది సెప్టెంబర్ 25 దాకా గడువిచ్చారు, అంటే ఆ గడువు దాటి చాలా కాలమైంది. రౌటర్‌లో గడియారం తప్పుంటే లాగ్‌కి విలువ లేదు, అందుకే టైం సర్వర్‌తో కలపమని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది.

ఎవరు ఏ సైటుకి వెళ్లారన్నది వ్యక్తిగత డేటా. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకూ, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికీ డేటా వాడుకునే వీలు చట్టంలో ఉంది. అలాగని లాగ్ తీసి క్యాంటీన్‌లో చదివి వినిపించడానికి కాదు. లాగ్ చూసే హక్కు ఒక్కరికే ఇవ్వండి, ఆ సంగతి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఒక పేరాగా రాయండి.

అమీర్‌పేట వైపు నెట్ సెంటర్ నడిపేవాళ్లకు వేరే లెక్క. 2011 సైబర్ కేఫ్ నియమాల ప్రకారం వాళ్లు లాగ్‌లు కనీసం ఏడాది ఉంచాలి.

"ఫైర్‌వాల్ లైసెన్స్ రెన్యూ చేయకపోతే ఏమైతది?"

పెట్టె వెలుగుతూనే ఉంటుంది, అదే మోసం. కొన్ని పెట్టెలు లైసెన్స్ అయిపోగానే వర్గం తెలియని సైట్లన్నీ వదిలేస్తాయి, కొన్ని అన్నింటినీ ఆపేస్తాయి. రెండో రకం నయం, కనీసం మీకు తెలుస్తుంది. కొనేటప్పుడు పెట్టె ధర కాకుండా మూడేళ్ల లైసెన్స్‌తో, జీఎస్టీ 18 శాతంతో కలిపి కొటేషన్ అడగండి. మొదటి ఏడాది చౌకగా ఇచ్చి రెండో ఏడాది మెడ మీద కూర్చునే కొటేషన్లు చాలా చూశాం.

"తప్పుగా బ్లాకైతే ఎవరికి చెప్పాలి?"

బ్లాక్ పేజీ మీద "యాక్సెస్ డినైడ్" అని ఇంగ్లీషులో ఉంటే ఎవరూ ఏమీ చెప్పరు, ఊరికే ఫోన్‌లో చూసుకుంటారు. మేం తెలుగులో పెడతాం: "ఈ సైటు ఆఫీసు నెట్‌లో ఆపి ఉంది. పనికి కావాలంటే ఈ నంబర్‌కి సైటు పేరు వాట్సాప్ చేయండి." హెచ్‌టీటీపీఎస్ సైట్లకు డీఎన్‌ఎస్ ఫిల్టర్ ఈ పేజీ చూపించలేక సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది. అందుకే అదే నోటీసును ప్రింట్ తీసి ప్రింటర్ పక్కన కూడా అంటిస్తాం. అడిగిన సైటు సరైనదైతే అరగంటలో తెరుస్తాం.

"పెట్టడానికి నెట్ ఎంతసేపు ఆగుతుంది?"

డీఎన్‌ఎస్ ఫిల్టర్‌కి పది నిమిషాలు. ఫైర్‌వాల్‌కి ఒక పూట, ఆదివారం పెట్టుకుందాం. ప్రతి నెలా 11, 20 తేదీల చుట్టుపక్కల మాత్రం రమ్మనకండి. జీఎస్టీ రిటర్న్‌ల గడువు రోజుల్లో మీ అకౌంటెంట్ ముందు నెట్ కేబుల్ ముట్టుకునే ధైర్యం మాకు లేదు.